చెయ్యి విడిపోయాక కూడా వినబడిన చప్పుడు

నర్సింగు చదువుకునే పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. మేడం, మీ సర్వీసులో మీరు కాపాడిన కేసు ఒకటి చెప్పండి అంటారు. కాపాడినవి చెప్పుకోవడానికి బాగానే ఉంటాయి గానీ వాటివల్ల మీకు ఒరిగేదేమీ లేదు. ముప్పై నాలుగేళ్ళ ఉద్యోగంలో నాకు ఇప్పటికీ అంతుపట్టని కేసు ఒకటుంది. తప్పు ఎవరిది, ఎంతెంత, ఆ రోజు నేను విన్నదేమిటి, రాసిందేమిటి అని తలచుకున్నప్పుడల్లా ఒక్కోసారి ఒక్కోలా తోస్తుంది. ఈసారి అది చెబుతాను. మీలో తెలివైనవాళ్ళు ఉంటే తేల్చండి, నావల్ల కాలేదు.

ఆసుపత్రి ఆత్మకూరులో. పేరు చెప్పను, సర్కారుదా ప్రైవేటుదా అని కూడా అడగొద్దు. ఒక ఆపరేషన్ థియేటరు, ఒక లేబర్ రూము, రెండు పెద్ద వార్డులు. వెనకాల రేకుల షెడ్డులో రోగుల బంధువులు వండుకునే పొయ్యిలు. నెల్లూరు నుంచి ప్రతి గురువారం ప్లాస్టిక్ సర్జన్ ఒకాయన వచ్చేవారు. చేతిలో గొప్ప పనితనం ఉన్న మనిషి, కోపం మాత్రం ముక్కు మీదే ఉండేది. గురువారం దాటితే మళ్ళీ గురువారం దాకా ఆయన మొహం కనబడదు, ఫోనులో ఫోటోలు పంపుకోవాల్సిందే.

ఆ అమ్మాయిది ఉదయగిరి. ఉదయగిరి చెక్క చెంచాలు, గరిటెలు మీ ఇళ్ళలోనూ ఉండే ఉంటాయి. అవి చేసే ఇంటి పిల్ల. ముప్పై ఏళ్ళుంటాయేమో. చెక్క కోసే మిషను కుడిచేతి బొటనవేలి మీదా, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యా ఉన్న చర్మాన్ని లేపేసింది. వేలు మిగిలింది గానీ దాని మీద కప్పు లేదు, ఎముక కనబడుతోంది. కప్పు వేయకపోతే వేలు నిలవదు. వేలు నిలవకపోతే ఆకురాయి పట్టడం ఎట్లా? చెంచా అంచు నున్నగా రావాలంటే బొటనవేలి మొన ఆనించి ఆకురాయి తిప్పాలట. వచ్చిన మొదటి రోజే ఆ పిల్ల ఎడమచేత్తో గాలిలో చేసి చూపించింది. నొప్పి గురించి అడగలేదు, మచ్చ గురించి అడగలేదు. వేలి మొన ఉంటుందా మేడం అని మాత్రం అడిగింది.

ఆపరేషను మీలో చూడనివాళ్ళ కోసం రెండు ముక్కలు. గజ్జ పక్కన చర్మాన్ని నాలుకలా మూడు వైపులా కోసి పైకి లేపుతారు. నాలుగో వైపు ఒంటికే అంటుకుని ఉంటుంది, నెత్తురు అటునుంచే వస్తుంది. ఆ నాలుకను వేలికి చుట్టి కుట్టేస్తారు. అంటే మూడు వారాలు చెయ్యి గజ్జకు అతుక్కునే ఉంటుంది. ఆలోగా చేతి వైపు నుంచి నెత్తురు ఆ కొత్త చర్మంలోకి కొద్దికొద్దిగా దారి చేసుకుంటుంది. తర్వాత మొదలు కోసి చేతిని విడదీస్తారు. పుట్టింటి నుంచి వచ్చే సారె ఆగిపోయినా అత్తింట్లో పొయ్యి వెలగాలి, అప్పుడే విడదీసేది అని సర్జన్ సార్ రోగులకు నవ్వుతూ చెప్పేవారు. వెలుగుతుందో లేదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. ఆ చర్మం మొదలు దగ్గర రబ్బరు గొట్టం బిగించి, పుట్టింటి దారి మూసేసి అరగంట చూడాలి. చర్మం రంగు నిలిచి, వెచ్చగా ఉంటే విడదీయవచ్చు. చల్లబడితే రబ్బరు తీసేసి ఇంకో వారం ఆగాలి.

తోడుగా తల్లి వచ్చింది. నాకంటే ఐదారేళ్ళు పెద్దది, మోకాళ్ళ నొప్పులు. కూర్చుంటే లేవలేదు, లేస్తే కూర్చోలేదు. అలాంటి మనిషి మూడు వారాలు మంచం పక్కన చాప మీద పడుకుంది. కూతురికి జడ వేయడం, ముద్దలు కలిపి పెట్టడం, ఒళ్ళు తుడవడం, బాత్రూముకు నడిపించడం అన్నీ ఆమే. చెయ్యి గజ్జకు కుట్టేసిన మనిషిని బాత్రూముకు తీసుకెళ్ళడం అంటే ఏమిటో మీరు ఒక్కసారి చేసి చూడండి. మూడో వారానికి కూతురు నీళ్ళు తాగడం తగ్గించేసింది. తల్లిని మాటిమాటికీ లేపాల్సి వస్తుందని. ఆ సంగతి నేను కనిపెట్టి కసురుకున్నాను. కూతురు తలవంచుకుంది, తల్లి నా వైపు చూసింది.

ఆ చూపుకు జాలిపడ్డాను. బుధవారం సాయంత్రం డ్యూటీ దిగే ముందు మంచం దగ్గర నిలబడి మర్నాటి పరీక్ష సంగతి చెప్పాను. వెచ్చగా ఉంటే రేపే చెయ్యి వచ్చేస్తుంది, చల్లబడితే మాత్రం ఇంకో గురువారం దాకా ఇలాగే అన్నాను. ధైర్యం చెబుతున్నాననే అనుకున్నాను.

తల్లి అడిగింది. "వెచ్చగా ఉంటే చాలా, మేడమ్మా?"

"చాలక్కా. వెచ్చగా ఉండాదంటే నెత్తురు పారతా ఉండాదనే," అన్నాను.

చాలదు. వెచ్చదనం ఒక గుర్తు మాత్రమే. అప్పటికే బస్సు టైమైంది, బ్యాగు భుజానికి తగిలించుకుని ఉన్నాను. రోగికి అర్థమయ్యేలా చెప్పాలని మాకు నేర్పిస్తారు. అర్థమయ్యాక వాళ్ళు ఏం చేస్తారో ఎవరూ నేర్పించరు.

గురువారం పదిన్నరకు సార్ వచ్చి రబ్బరు బిగించారు. ఆయన దగ్గర పెన్నులాంటి చిన్న మిషను ఉండేది, చర్మం మీద ఆనిస్తే సన్నటి నరంలో పారే నెత్తురు చప్పుడు వినబడుతుంది. ఆ రోజు దాన్ని నెల్లూరులో మరిచిపోయి వచ్చారు. ఫర్వాలేదు సిస్టర్, పది నిమిషాలకోసారి చూసి రాసి పెట్టండి అని చెప్పి, కాలిన కేసొకటి ఉంటే థియేటరులోకి వెళ్ళిపోయారు.

నాతోపాటు వార్డులో ఇంకో సిస్టరు ఉండేది. జలదంకి మనిషి, నాకంటే పదిహేనేళ్ళు చిన్న. నోట్లో నువ్వుగింజ నానదు గానీ కళ్ళు మాత్రం మంచివి. మొదటి పది నిమిషాలకు ఇద్దరం వంగి చూశాం. చివర కొంచెం నీలంగా ఉంది అంది. తెర నీడ పడుతోంది అన్నాను. తెర జరిపాను. ఇప్పుడూ అలాగే ఉంది అంది. ట్యూబులైటు వెలుతురు అంతే అన్నాను. లైటు ఆర్పాం, వేశాం. పుస్తకాల్లో చర్మం గులాబీ రంగులో ఉండాలని రాసి ఉంటుంది. మన మనుషుల ఒంటికి గులాబీ రంగు ఎక్కడి నుంచి తెచ్చేది? చామనఛాయ చర్మం మీద నీలం ఎక్కడ మొదలవుతుందో, నీడ ఎక్కడ అయిపోతుందో నాకు నిజంగా తెలియలేదు. చూసేకొద్దీ తెలియకుండా పోయింది. ఫోటో తీస్తే నా ఫోను అందులో ఆ పిల్లను తెల్లగా చేసి చూపించింది.

ఇరవై నిమిషాలకు ముట్టుకుంటే వెచ్చగా ఉంది. ముప్పై నిమిషాలకు ఇంకా వెచ్చగా ఉంది. నా వేళ్ళ కంటే వెచ్చగా ఉంది. అప్పుడే నాకు అనుమానం రావాలి. రబ్బరు బిగించిన చర్మం మామూలు కంటే వెచ్చగా ఎలా ఉంటుంది? కానీ కావాలనుకున్న జవాబు వచ్చినప్పుడు మనిషి ప్రశ్న మరిచిపోతాడు కదా, నేనూ మరిచిపోయాను.

అయినా రంగు ఒకటి చెబుతోంది, వెచ్చదనం ఇంకొకటి చెబుతోంది. మధ్యస్థం చెప్పడానికి మూడో సాక్షి కావాలనిపించింది. లేబర్ రూములో కడుపులో బిడ్డ గుండె వినే మిషను ఉంది కదా, అదీ చప్పుడు వినేదే కదా అని వెళ్ళి తెచ్చాను. చిన్న ఆసుపత్రిలో పనిచేసినవాళ్ళకు ఇదొక గర్వం. లేనిదాని కోసం ఏడవం, ఉన్నదాంతో పని జరుపుతాం. నా సర్వీసులో సగం మెప్పులు ఇలాంటి సర్దుబాట్లకు వచ్చినవే.

"మేడం, ఇది లేబర్ రూముది గదా. తోలు మీది నరం దీంట్లో ఇనబడతాదా?" అని జలదంకి సిస్టరు అడిగింది.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకే. జెల్లు తీసుకురా పో," అన్నాను.

సరైన ప్రశ్న అడిగింది. దానికి నేను సామెత ఇచ్చాను.

చర్మం మీద ఆనిస్తే ముందు బరబర తప్ప ఏమీ లేదు. కొంచెం జరిపాను. ఇంకొంచెం. గజ్జ మడత దగ్గరికి వచ్చి గట్టిగా నొక్కేసరికి వినబడింది. హుష్, హుష్ అని, దూరంగా ఎవరో చెక్క కోస్తున్నట్టు, తాళం తప్పకుండా. వార్డులో అందరూ ఇటు తిరిగారు. ఆ పిల్ల కళ్ళు మూసుకుని వింటోంది. తల్లి దండం పెట్టింది, నాకో మిషనుకో తెలియదు. నాకు ఒళ్ళు పులకరించింది. చార్టులో రాశాను. రంగు, ఫర్వాలేదు. వెచ్చదనం, ఉంది. చప్పుడు, ఉంది.

సార్ మాస్కు గడ్డం కిందికి లాక్కుంటూ వచ్చారు. చర్మం నొక్కి వదిలారు, ముఖం కొంచెం ముడుచుకున్నారు. మళ్ళీ నొక్కారు. ఆయనకూ తేలలేదని నాకిప్పుడు అనిపిస్తుంది. అప్పుడు చార్టు చూసి, చప్పుడు బాగా వినబడిందా సిస్టర్ అని అడిగారు. బాగా వినబడింది సార్ అన్నాను. ఏ మిషనులో అని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. దాచాలని కాదు, ఆ క్షణాన అది చెప్పాల్సిన సంగతి అనే తోచలేదు. మధ్యాహ్నానికల్లా చెయ్యి విడిపోయింది. సాయంత్రం ఆ పిల్ల తన నీళ్ళు తనే ఎడమచేత్తో గ్లాసులో పోసుకుని, ఒకటి తర్వాత ఒకటి, మూడు గ్లాసులు తాగింది.

శుక్రవారం గజ్జ దగ్గరి కుట్లకు కట్టు మార్చడానికి వెళ్ళాను. చెయ్యి పక్కన దిండు మీద ఉంది. లేబర్ రూము మిషను ఇంకా మా టేబులు మీదే ఉంటే, ముచ్చటకు దాన్ని కొత్త వేలి మీద ఆనించాను. బరబర. ఇంకో చోట ఆనించాను. బరబరే. ఎందుకు చేశానో తెలియదు, దాన్ని తీసి గజ్జ మడత దగ్గర, నిన్న పెట్టిన చోట పెట్టి నొక్కాను.

హుష్, హుష్.

చెయ్యి అక్కడ లేదు. నిన్న నాలుకలా లేచి ఉన్న చర్మం అక్కడ లేదు. చప్పుడు మాత్రం అదే చోట, అదే తాళంలో ఉంది. అది కాలిలోకి పోయే పెద్ద నరానిది. తల్లి పొట్ట దాటి లోపలి బిడ్డను వినడానికి చేసిన మిషను లోతుగానే వింటుంది. పైన ఉన్న సన్నటి నరం దాని పని కాదు. నిన్న వార్డంతా విని మురిసిపోయింది పక్కింటివాళ్ళ రేడియో అన్నమాట.

అప్పుడు ఫోను తీసి సార్‌కు చెప్పాలి. తీశాను కూడా. ఫోటో పంపి, చివర కొంచెం నల్లబడినట్టుంది సార్ అని రాశాను. కనిపెట్టి ఉండండి అని జవాబు వచ్చింది. చప్పుడు సంగతి రాయలేదు. రేపటికి రంగు తిరుగుతుందేమో, తిరిగితే ఈ మాట ఎత్తాల్సిన పనే లేదేమో అనుకున్నాను. శనివారం అనుకున్నాను. ఆదివారం కూడా అనుకున్నాను. నీలం నలుపైంది. కొత్త చర్మంలో చాలా భాగం బతికింది. చచ్చిన కాస్తా సరిగ్గా వేలి మొన దగ్గరే.

పక్కబట్టలు మార్చేటప్పుడు పరుపు కింద జలదంకి సిస్టరుకు గుడ్డమూట దొరికింది. అందులో ఉప్పు. మన ఇళ్ళల్లో బెణికినా, బాలింత నడుము నొచ్చినా ఉప్పు వేయించి మూటగట్టి కాపడం పెడతాం కదా, అదే. గురువారం నాడు నేను పది నిమిషాలకోసారి వెళ్ళి వస్తుంటే, మధ్యలో తల్లి వెనక షెడ్డులో ఉప్పు వేయించుకుని వచ్చి, దుప్పటి కింద ఆ చర్మానికి కాపడం పెట్టింది. వెచ్చగా ఉంటే చాలని నేనే కదా చెప్పింది. పరీక్ష పాసవ్వాలి, కూతురి చెయ్యి రావాలి. ఆ మోకాళ్ళతో వార్డు నుంచి షెడ్డుకు ఎన్నిసార్లు తిరిగిందో.

తర్వాతి గురువారం సార్ రౌండ్సుకు వచ్చినప్పుడు, నల్లబడిన మొన చూసి ఇదెలా జరిగిందని కేకలేస్తుంటే, జలదంకి సిస్టరు మూట సంగతి చెప్పేసింది. ఆయన తల్లి వైపు తిరిగారు. ఆ చర్మానికి స్పర్శ ఉండదనీ, కాలినా పేషెంటుకు తెలియదనీ వార్డు మొత్తానికి వినబడేలా చెప్పారు.

"నీ కూతురి వేలు నువ్వే కాల్చుకున్నావమ్మా," అన్నారు చివరికి.

తల్లి మంచం కమ్మి పట్టుకుని నిలబడింది. చార్టు నా చేతిలోనే ఉంది. చప్పుడు, ఉంది అని నా అక్షరాలతోనే రాసి ఉంది. చార్టు మూసేశాను.  బొటనవేలు మొదటి కణుపు దాకా తీసేశారు. వాళ్ళు ఉదయగిరి వెళ్ళిపోయారు.

ఇప్పుడు చెప్పండి. మూట లేకపోతే నా చేతికి చల్లదనం తెలిసేది, సార్ ఆగేవారు. మూట ఉన్నా సరే, ఆ చప్పుడు లేకపోతే ఆయన ఇంకో వారం ఆగి ఉండేవారేమో, రెండోసారి నొక్కినప్పుడు ఆయన ముఖం నేను చూశాను. నేను ఆ బుధవారం జాలిపడకపోతే మూటే ఉండేది కాదు. జలదంకి సిస్టరు నీలం అన్నప్పుడు నీలమే అని రాసి ఉంటే? ఇవన్నీ కాక, మొన అనేది నెత్తురుకు చిట్టచివరి మజిలీ, అన్నీ సరిగా చేసినా ఒక్కోసారి చచ్చిపోతుంది. వేడికి కాలిందా, నెత్తురు అందక చచ్చిందా, రెండూనా? తిలాపాపం తలా పిడికెడు అంటారు. కానీ ఆ వార్డులో పంచిన రోజున పిడికెళ్ళన్నీ ఒకే మనిషి కొంగులో పడ్డాయి. మిషనును అంటే ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఉంటుంది. రిటైరయ్యే ముందు ఒకసారి సార్‌ను కదిపి చూశాను. ఉదయగిరి అమ్మాయి, గజ్జ చర్మం కేసు గుర్తుందా సార్ అన్నాను. ఏ అమ్మాయి అన్నారు. వదిలేశాను.

రిటైరయ్యాక పోయిన ఏడాది ఉదయగిరి వెళ్ళాను. ఏం చెబుదామని వెళ్ళానో బస్సు దిగేదాకా నాకే స్పష్టంగా లేదు. ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. పంచలో చెక్కపొట్టు మధ్య కూర్చుని పనిచేసుకుంటోంది. ఆకురాయిని కుడి అరచేతికి గుడ్డపట్టీతో కట్టుకుంది. ఎడమచేత్తో చెంచా పట్టుకుని, మిగిలిన బొటనవేలి మొద్దును దానికి ఆనించి తిప్పుతోంది. నన్ను వెంటనే గుర్తుపట్టింది. కూర్చోబెట్టి టీ ఇచ్చింది. పెద్ద చెంచాలు వస్తాయి మేడం, సన్నపని మాత్రం రాదు అని మామూలుగా చెప్పింది.

గ్లాసు చేతిలో పట్టుకుని చెప్పేశాను. "ఆ దినం నేను ఇనింది నీ తోలు చప్పుడు గాదమ్మా. కాలికి పోయే నరం చప్పుడు. తప్పు మిషనుతో ఇన్నాను. నా మాట మీదనే సార్ కోసినాడు. మర్నాడే నాకు తెలిసింది, ఎవురికీ చెప్పలేదు. మీ అమ్మది ఒక్కదానిదే కాదు తప్పు."

ఆమె చేతిలో చెంచా ఆగింది. నా ముఖంలోకి చూసింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననే వెళ్ళానేమో కూడా.

"అమ్మ పోయి రెండేళ్ళయింది, మేడం," అంది. "పోయేదాకా ఈ చెయ్యి పట్టుకోని ఈ మొద్దునే తడిమేది. నేనే కాల్చినాను గదా అనేది. కాదులేమ్మా అని నేను ఎన్నిసార్లు చెప్పినా నమ్మలేదు. నాకు గూడా ఆమె చేసిందే అని లోపల ఉండేది గదా, నా మాట ఎట్టా నమ్ముతాది?"

 ఆమె చెంచా పక్కన పెట్టి, చీర మీది పొట్టు దులుపుకుంది.

"ఈ మాట మా అమ్మ ఉన్నప్పుడు వచ్చి చెప్పుంటే బాగుండేది, మేడం," అంది.

కోపంగా అనలేదు. టీ తాగిన గ్లాసు నా చేతిలోంచి తీసుకుని లోపలికి వెళ్ళింది. నేను వెళ్ళిపోదామని లేచాను. వెళ్ళాలో ఉండాలో తెలియక మళ్ళీ ఆ పొట్టులోనే కూర్చున్నాను.